చేరవేయని మాట

"చెప్పావా, లేదా?"

మెకానిక్ ఆ ప్రశ్న అడగడం అది మూడోసారి. భార్య ఇంకా నోరు విప్పలేదు. కుట్టు మిషన్ మీద సగం అతికిన చొక్కా కాలరు ఉంది. సూది గుడ్డలో దిగి అక్కడే ఆగిపోయింది.

"నిన్నే అడుగుతున్నది. పొద్దున ఐదున్నరకి నేను స్నానానికి పోతూ ఏమని చెప్పాను? ఏడో నంబరు బండి తీయొద్దని మీ తమ్ముడికి చెప్పమన్నానా? చెప్పావా?"

"చెప్పలేదు."

ఆ ఒక్క మాటకి ఆయన గుమ్మం మీదే కూలబడ్డాడు. కాళ్ళకి చెప్పులు అలాగే ఉన్నాయి. బంద్ ఎలా జరుగుతోందో చూసొస్తానని పావుగంట క్రితం హుషారుగా సందు చివరికి వెళ్ళిన మనిషి. అక్కడ సెలూన్ ఆయన షట్టరు సగం దించి కూర్చుని, "మొత్తానికి మీ బావమరిది బండి తీశాడండోయ్! ఎనిమిదింబావుకి ఇలాగే పోయింది, ఏడో నంబరు. జనం కిక్కిరిసి ఉన్నారు" అన్నాడట. అంతే, ఆగకుండా పరుగెత్తుకొచ్చాడు.

"ఎందుకు చెప్పాలి?" అంది ఆమె. భయపడ్డ మనిషి ముందు కోపమే తెచ్చుకుంటుంది. "పార్టీ మాటలు నా చేత మోయించొద్దని మీ ఇద్దరికీ చెప్పానా లేదా? బంద్ మీ పార్టీది. బండి తీస్తానన్నవాడు అవతలి పార్టీవాడు. మీరు వద్దంటారు, వాడు తీస్తానంటాడు. మధ్యన నేనేమన్నా టపా బంట్రోతునా?"

"అది పార్టీ మాట కాదే! బ్రేకు మాట!"

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. అర్థం కావడం మొదలయ్యాక మిషన్ చక్రం మీద ఉన్న చెయ్యి దానంతటదే జారి ఒళ్ళో పడింది.

పదిహేడు రోజులుగా ఆ ఇంట్లో మాటలన్నీ ఆమె మీదుగానే నడుస్తున్నాయి. ముందు గదిలో ఉండేది తమ్ముడు. డ్రైవరు. మీసం రాని వయసులో అక్క వెంట ఈ ఇంటికి వచ్చినవాడు. వాడికి స్టీరింగు పట్టుకోవడం నేర్పిందీ బావే, డిపోలో పెట్టించిందీ బావే. ఎన్నికలు వచ్చాయి, చెరొక జెండా పట్టారు. ఒకరోజు అన్నాల దగ్గర మాటా మాటా పెరిగి, బావ కంచం విసిరాడు, బావమరిది కుర్చీ తన్నాడు. ఆ సాయంత్రమే ఆమె ఇంటికి ఒక చట్టం చేసింది. పార్టీ గుమ్మం బయటే ఉండాలి, గుమ్మం లోపల ఆ ఊసు ఎత్తకూడదు, తనతో ఎత్తించకూడదు.

చట్టం బాగానే పనిచేసింది. మరీ బాగా పనిచేసింది! పార్టీ మాటలతో పాటు మిగతా మాటలూ పోయాయి. ఒకే గదిలో మూడడుగుల దూరంలో కూర్చుని, "ఫ్యాను కట్టెయ్యమని మీ తమ్ముడితో చెప్పు" అని ఈయన, "లేచి ఆయన్నే కట్టుకోమను అక్కా" అని వాడు. ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉండేది. ఇల్లు ప్రశాంతంగా ఉంది కదా అని ఆమె సంతోషించింది, పిచ్చిది.

"బ్రేకుకేమైంది?" అంది ఇప్పుడు, లోగొంతుతో.

"నిన్న వెనక ఎడమ చక్రం బ్రేకుకి గాలి అందించే గొట్టం చిట్లింది. కొత్తది స్టోర్లో లేదు. బండిని షెడ్డు దాకా జరపాలి కదా అని ఆ గొట్టాన్ని అడ్డంగా మూసేశాను. అది గట్టి మూత కాదు, అక్కడ కూడా కొద్దికొద్దిగా గాలి పోతూనే ఉంటుంది. అంతలో బంద్ ఊరేగింపుకి రమ్మని కబురొచ్చింది. తాళంచెవి బండికే వదిలేసి, ఎక్కడి పనిముట్లు అక్కడ పడేసి అందరం బయటికొచ్చేశాం."

"పుస్తకంలో రాయలేదా?"

"పుస్తకం సూపర్‌వైజరు గదిలో ఉంది. ఆయనా మావాడే, తాళం వేసుకుని ఊరేగింపుకి పోయాడు."

"మరి నోటితో చెప్పాలి కదా! మీ డిపోలో అంతే కదా ఎప్పుడూ!"

నిజమే. ఆ డిపోలో పుస్తకం కంటే నోటి మాటకే విలువ ఎక్కువ. బండిని బాగుచేసిన మెకానిక్ డ్రైవరు వైపు తలుపు దగ్గర నిలబడి ఏం చేశాడో, ఏం మిగిలిందో చెప్పాలి. డ్రైవరు దాన్ని తిరిగి అప్పజెప్పాలి, ఆ తరువాతే తాళంచెవి చేతులు మారుతుంది. ఇరవై రెండేళ్ళలో తను ఒక్కసారి కూడా తప్పలేదని ఈ పెద్దమనిషే పదిమందిలో చెప్పుకుంటూ ఉంటాడు.

"నిన్న సాయంత్రం డ్రైవర్ల గది ముందు కనిపించాడు వాడు" అన్నాడు మెకానిక్. "నోటిదాకా వచ్చింది. వాడు నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. నేనూ తిప్పుకున్నాను. పొద్దున నీతో చెప్పిస్తే సరిపోతుందనుకున్నాను."

"నాతో మాత్రం సరిగ్గా చెప్పారా? బండి తీయొద్దని చెప్పు, అన్నారు. అంతేగా! బ్రేకు అన్న ముక్క ఎందుకు మింగేశారు?"



"నా పని నేను పూర్తి చెయ్యలేదని వాడికి సంజాయిషీ చెప్పుకున్నట్టు ఉంటుందని..."

మిగతాది చెప్పలేకపోయాడు. ఆమె కూడా తిట్టలేకపోయింది. ఆయన మింగింది సగం మాట, తను మింగింది మొత్తం మాట.

"ఊళ్ళో తిరిగినంతసేపూ ఏమీ తెలియదు" అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు. "ముందు బ్రేకులు పట్టుకుంటాయి. కొండ ఎక్కినంతసేపూ పర్లేదు. దిగేటప్పుడు తెలుస్తుంది. మాటిమాటికీ తొక్కాలి కదా, తొక్కినప్పుడల్లా గాలి తగ్గుతుంది."

గోడ గడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది. ఏడో నంబరు కొండ మీదికి చేరడానికి గంట పడుతుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

ఆమె ఫోను తీసి తమ్ముడికి చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. బండి నడుపుతూ ఫోను ఎత్తడు వాడు. ఆ బుద్ధి నేర్పిందీ బావే. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే.

"మీ దాంట్లోంచి చెయ్యండి."

"నా నంబరు బ్లాక్ చేశాడు." ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన మొహం చూడలేకపోయింది ఆమె.

డిపోకి చేశారు. ఎవరూ ఎత్తలేదు. ఎత్తేవాళ్ళందరూ బంద్‌లో ఉన్నారు. ఆయన లేచి గదిలో అటూ ఇటూ తిరిగాడు. బనియను వెనకంతా చెమటతో తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

"పాపని కదిలించకు" అన్నాడు ఉన్నట్టుండి, లోపలి గది మూసిన తలుపు వైపు చూస్తూ. "పరీక్ష ఎలాగూ వాయిదా పడింది, పడుకోనీ. లేస్తే మామయ్య మామయ్య అని గోల పెడుతుంది. వాడి సంగతి తేలేదాకా దానికి చెప్పొద్దు."

ఆమె గోడకి ఆనుకుంది.

"ఏమిటే?"

ఆమె లోపలి గది తలుపు వైపు వేలు చూపింది.

ఆయన వెళ్ళి తలుపు తోశాడు. మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది. దాని మీద దిండు. బల్ల మీద పాప ఫోను, పరీక్షలోకి తీసుకెళ్ళనివ్వరు కాబట్టి ఇంట్లోనే వదిలేసి వెళ్ళిన ఫోను.

"పాప ఏదీ?"

"పరీక్ష వాయిదా పడలేదండీ. పడుతుంది పడుతుంది అని మీరే అన్నారు, వాళ్ళు వెయ్యలేదు. సెంటరు కొండ అవతల పడింది. ఇంకో బండి లేదు. మీతో చెబితే, బంద్ రోజున నా కూతురు బస్సెక్కుతుందా అంటారని... తమ్ముడు పక్క సీట్లో కూర్చోబెట్టి తీసుకెళ్తానన్నాడు. పడుకుంది, తలుపు తియ్యొద్దు, అని మీతో అబద్ధం చెప్పాను."

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది ఆమెకి. మడిచిపెట్టిన ఆ దుప్పటి మీద చెయ్యి వేసి, గ్రీజు మరకల గోళ్ళతో దాన్ని నలుపుతూ నిలబడ్డాడు.

"చెయ్యి" అన్నాడు. "చేస్తూనే ఉండు."

నాలుగోసారి. ఐదోసారి. ఆరోసారి మోగడం మధ్యలో ఆగి, ఇంజను హోరు వినిపించింది.

"అమ్మా!" పాప గొంతు. "ఇన్నిసార్లు చేస్తున్నావేంటి? మామయ్య చిరాకు పడి నన్ను ఎత్తమన్నాడు. కొండ దిగుతున్నాం, ఇప్పుడే మొదలుపెట్టాం."

"స్పీకరు పెట్టు తల్లీ. మామయ్యకి వినిపించేలా పట్టుకో."

"ఏంటక్కా?" దూరం నుంచి తమ్ముడు. "పాప భద్రంగా ఉంది, నువ్వు కంగారుపడకు."

"ఒరేయ్, బావ నీతో ఏదో చెప్పాలి."

"నాకు వినిపించాల్సిన పని లేదు. ఏమన్నా ఉంటే నువ్వే చెప్పు."

"నేను చెప్పను! ఇక మీ ఇద్దరి మాటలూ నేను మొయ్యను. నువ్వే విను!" ఆమె తన ఫోనుకీ స్పీకరు పెట్టి భర్త నోటి దగ్గర పట్టింది. ఆయన ఆమె మణికట్టు పట్టుకుని దాన్ని దగ్గరికి లాక్కున్నాడు.

"ఒరేయ్" అన్నాడు మెకానిక్.

అవతల హారన్ ఒకసారి మోగింది, మలుపు కాబోలు.

"బండికి వెనక ఎడమ బ్రేకు లేదు. గొట్టం మూసేశాను. నీతో చెప్పాల్సింది, చెప్పలేదు."

తమ్ముడు నవ్వాడు. "బాగుంది. పొద్దుటినుంచి రెండుచోట్ల మీవాళ్ళు అడ్డం పడ్డారు, ఆపలేకపోయారు. ఇప్పుడు ఇదా? బండి పక్కన పెట్టించి, బంద్ విజయవంతం అని పేపర్లో వేయించుకుంటారా?"

"గాలి గేజీలో ముల్లు ఎంత మీదుందో చూడు."

"నా బండి సంగతి నాకు తెలుసు."

"పాపా, నువ్వు చూడు. మామయ్య ఎదురుగా గుండ్రంగా ఒక గడియారం లాంటిది ఉంటుంది. ముల్లు ఏ అంకె మీదుంది?"

"ఐదు... ఐదు కంటే కింద నాన్నా. నాలుగున్నర."

"ఏడు ఉండాలి" అన్నాడు మెకానిక్.

ఇంజను హోరులో బ్రేకు తొక్కినప్పటి బుస్సుమన్న చప్పుడు. ఒకటి. ఇంకొకటి.

"నాన్నా, నాలుగైంది."

"బావా." పదిహేడు రోజుల తరువాత ఆ పిలుపు. గొంతులో వెటకారం లేదు. "ఇందాకటినుంచి పెడలు కిందికి పోతోంది. బండి నిండా జనం కదా, బరువుకి అనుకున్నాను."

"బ్రేకు వదిలెయ్. ఇంక తొక్కకు. ఏ గేరులో ఉన్నావు?"

"మూడు."

"రెండుకి దించు. హ్యాండ్ బ్రేకు జోలికి పోకు, వెనక ఒక్క పక్కే పడితే బండి అడ్డం తిరుగుతుంది."

"పడటం లేదు బావా. రెండో గేరు పడటం లేదు!"

"భయపడకు. నీకు నేర్పినట్టే చెయ్యి. క్లచ్చి తొక్కి న్యూట్రల్ చెయ్. వదిలెయ్. ఒక్కసారి ఆక్సిలరేటరు గట్టిగా ఇవ్వు. మళ్ళీ క్లచ్చి. ఇప్పుడు తొయ్."

గియర్రుమంటూ ఒక చప్పుడు. బండిలో ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. "కూర్చోండి, అందరూ గట్టిగా పట్టుకు కూర్చోండి!" అని కండక్టరు అరుస్తున్నాడు. ఆమె కళ్ళు మూసుకుంది. భర్త చెయ్యి తన మణికట్టు మీద ఎంత గట్టిగా బిగుసుకుందంటే ఎముక నొప్పి పెడుతోంది. ఆ నొప్పి ఉండటమే ఆ క్షణాన ఆమెకి నయమనిపించింది.

"పడింది" అన్నాడు తమ్ముడు. ఏడుపో నవ్వో తెలియని గొంతు. "పడింది బావా. ఇంజను పట్టుకుంటోంది. కాని ఆగదు. మెల్లగా పోతూనే ఉంటుంది."

"ఆపే చోటు నేను చెబుతాను. ఇంక మలుపులెన్ని?"

"మూడు."

"మూడోది, ఆఖరిది, దాటగానే ఎడమ పక్క మట్టి గుట్ట ఉంటుంది, రోడ్డు కోసం తవ్విపోసింది. బండిని దాని మీదికి ఎక్కించెయ్. మెత్తటి మట్టి, ఇంజను ఆఫ్ చేస్తే అందులో దిగబడి ఆగిపోతుంది. అంతే, అదొక్కటే. పాపా, భయం లేదమ్మా. మామయ్యకి ముల్లు చూసి చెబుతూ ఉండు."

"సరే నాన్నా. మూడున్నర."

ఆమె నెమ్మదిగా కళ్ళు తెరిచింది. ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటుంటే ఈ భయంలో కూడా కడుపు నిండినట్టయింది. భర్త వైపు చూసింది.

ఆయన మొహంలో నెత్తురు లేదు.

"ఏమండీ?"

ఆయన ఆమె చేతిలోని ఫోను తీసుకుని నోటికి దూరంగా జరిపి, జేబులోంచి తన ఫోను తీసి ఆమెకిచ్చాడు. "కన్వీనరుకి చెయ్. ఆఖరి మలుపు దగ్గర రాళ్ళు తీయించమను. ఇప్పుడే. ఈ నిమిషంలో!"

"ఏ రాళ్ళు?"

"గుట్టకి ముందు రోడ్డుకి అడ్డంగా బండరాళ్ళు పెట్టారు. అక్కడ బళ్ళు ఎలాగూ నెమ్మదిస్తాయని... చెయ్యవే ముందు!"

ఆమె నంబరు వెతికి నొక్కింది. పార్టీ కన్వీనరు రెండో మోతకే ఎత్తాడు. వెనకనుంచి నినాదాలు.

"అన్నయ్యా, నేను మెకానిక్ గారి భార్యని. కొండ మీద ఆఖరి మలుపు దగ్గర రాళ్ళు తీయించండి. బస్సు వస్తోంది. బ్రేకులు లేవు."

"ఏ బస్సమ్మా? మీ తమ్ముడిదా?"

"అవును, మా పాప కూడా..."

"చెల్లెమ్మా, పొద్దుటినుంచి ఇలాంటివి పది ఫోన్లు. ఒకరికి పురుడు, ఒకరికి గుండెపోటు. దారి వదిలించుకోవడానికి అందరికీ ఏదో ఒకటి వస్తుంది. మెకానిక్ గారికివ్వండి, ఆయన చెబితే తీయిస్తాను."

"ఆయన మాట్లాడే వీల్లేదు. ఇంకో ఫోనులో మా తమ్ముడికి బండి ఎలా దించాలో చెబుతున్నారు."

అవతల చిన్న నవ్వు.

"ఎవరితో? మీ తమ్ముడితోనా? ఎందుకమ్మా ఈ కబుర్లు! చచ్చినా వాడి మొహం చూడను, ఫోనులో కూడా పలకరించను అని నిన్ననే మీటింగులో అందరిముందూ చెప్పాడు మీ ఆయన. మేం చప్పట్లు కూడా కొట్టాం."

"నా మాట వినండి! మా పాప మీద ఒట్టు!"

ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేసింది. ఈసారి మాట్లాడుతూ ఉన్నట్టు వచ్చింది. ఆమె భర్త వైపు చూసి తల అడ్డంగా ఊపింది. నోటితో చెప్పే ధైర్యం లేదు.

"రెండో మలుపు దాటాం బావా" అంటున్నాడు తమ్ముడు. "బాగానే వస్తోంది. ఆ గుట్ట ఎత్తెంత ఉంటుంది? ఎక్కించేటప్పుడు పాపని వెనక్కి పంపనా?"

"పంపు. కండక్టరు దగ్గరికి పంపు. అందర్నీ వెనక్కి జరగమను." మెకానిక్ ఊపిరి పీల్చాడు. "ఒరేయ్, ఒక మాట. గుట్టకి ముందు రోడ్డు మీద రాళ్ళున్నాయి. ఎడమవైపంతా మూసేసి ఉంటుంది. కుడి పక్క ఒక మనిషి పట్టేంత సందు వదిలారు, అంతే."

"కుడి పక్క లోయ కదా బావా."

"అవును."

"ఎవరు పెట్టించారు అక్కడ? ఆ చోట అడ్డం పెడితే దాటలేమని డ్రైవర్లకి తప్ప ఎవరికీ తెలీదే!"

ఆమె భర్త నోటి వైపే చూస్తోంది. అబద్ధం చెప్పడానికి చాలినంత సమయం ఉంది. బావమరిదికి బావ మీద ఇప్పుడిప్పుడే కుదిరిన నమ్మకం కూడా ఉంది.

"నేనే" అన్నాడు మెకానిక్. "మొన్న మీటింగులో నేనే చెప్పాను. అక్కడ పెడితే మా బావమరిది కూడా దాటలేడు, అన్నాను."

అవతల ఇంజను మూలుగుతోంది. ఎక్కడో వెనక సీట్లలో ఒక పసిబిడ్డ ఏడుస్తోంది.

"వింటున్నావా? ఒరేయ్, ఏదో ఒకటి అనరా! తిట్టు, పర్లేదు. నాతో మాట్లాడు!"

జవాబిచ్చింది వాడు కాదు. ఆ ఇద్దరి మధ్యన ఫోను పట్టుకుని, ఇంకా ముందు సీట్లోనే ఉండిపోయిన పాప.

"నాన్నా, మలుపు తిరిగాం. రాళ్ళు కనిపిస్తున్నాయి. వాటి మీద మీ జెండా కట్టి ఉంది."